గాలి ఎటు పోతోందో చూసుకోండి

హెడ్‌ల్యాంపు ఆర్పేయండి. కారు తలుపు చప్పుడు కాకుండా నడుముతో నొక్కి మూయండి. కాసేపు అలాగే నిలబడండి. ముందు ఏమీ కనిపించదు. తర్వాత ఎదురుగా ఉన్న చీకట్లో అంతకంటే నల్లటి గోడ ఒకటి మెల్లగా తేలుతుంది. దాని తల మొనదేలి ఉండదు, చదునుగా ఉంటుంది. మీరు ఎక్కాల్సింది దాని మీదికే.

కొలరాడో వాయవ్య మూలన ఫ్లాట్ టాప్స్ కొండలు, ట్రాపర్స్ లేక్ ఒడ్డు. ఆగస్టు మూడో వారం, తెల్లవారుజాము నాలుగు. నిన్న మధ్యాహ్నం డెన్వర్‌లో చొక్కా చెమటకి తడిసిపోయింది. ఇక్కడ నోట్లోంచి ఆవిరి వస్తోంది. సరస్సే దాదాపు 2,900 మీటర్ల ఎత్తున ఉంది, పైన చదును 3,350 దాటుతుంది. సంచి భుజానికి తగిలించుకున్నంత మాత్రానికే ఊపిరి అందడం లేదు. మెడలో బైనాక్యులర్ ఉంది. చొక్కా జేబులో పౌడరు నింపిన చిన్న ప్లాస్టిక్ సీసా ఉంది. విల్లు మాత్రం ఇంట్లోనే ఉంది.

విల్లు లేకుండా వేటగాడు కొండెక్కడం ఏమిటి? ఈరోజు వేట కాదు కాబట్టి. ఎల్క్ అనే భారీ జింక మీద విల్లు ఎక్కుపెట్టే సీజన్ సెప్టెంబరు 2న మొదలై 30తో అయిపోతుంది. తుపాకీ పట్టినవాడికి మూడొందల మీటర్ల దూరమైనా చాలు. విల్లు పట్టినవాడు ముప్ఫై, నలభై మీటర్లలోకి వెళ్లాలి. మూడొందల కిలోలు దాటే మగ ఎల్క్, మనిషి వాసన తగిలితే చాలు మాయమైపోయే ఎల్క్, అంత దగ్గర్లో నిలబడి ఉండాలి. అది అదృష్టం మీద జరిగే పని కాదు. అవి ఎక్కడ మేస్తున్నాయి, ఎక్కడ పడుకుంటున్నాయి, బెదిరితే ఎటు పోతాయి అన్నది సీజన్‌కి ముందే తెలిసుండాలి. డ్రోన్ ఎగరేసి చూసేద్దామంటే కుదరదు. వేట కోసం డ్రోన్‌తో జంతువుల్ని వెతకడం ఈ రాష్ట్రంలో నేరం. కాళ్లే దిక్కు.

నడవండి.

ఒడ్డున ఒక్క ప్రైవేటు ఇల్లు కూడా కనిపించదు. 1919లో అటవీ శాఖ ఆర్థర్ కార్‌హార్ట్ అనే కుర్ర ఉద్యోగిని ఇక్కడికి పంపింది. సరస్సు చుట్టూ వేసవి విడిది ఇళ్లకి, రోడ్డుకి కొలతలు తీసుకు రమ్మంది. అతను చూసొచ్చి, ఇక్కడ ఏమీ కట్టకండి, వదిలేయండి అని రాసిచ్చాడు. శాఖ విన్నది. 1975లో ఈ కొండల్ని చట్టప్రకారం వన్యప్రాంతంగా ప్రకటించారు. మోటారు బండి రాదు, సైకిలు రాదు, చక్రాలున్న తోపుడు బండి కూడా రాదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. సాయంత్రానికి దానితో పనిపడుతుంది.

బాట కాలిన అడవిలోకి దూరుతుంది. 2002లో బిగ్ ఫిష్ అగ్నిప్రమాదం ఇక్కడ దాదాపు 17,000 ఎకరాల్ని, సరస్సు దగ్గర ఉన్న పాత లాడ్జిని తినేసింది. చచ్చిపోయిన స్ప్రూస్ మానులు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి. గాలి లేకపోయినా ఎక్కడో ఒకటి కిర్రుమంటుంది. వాటి కింద ఆగి నీళ్లు తాగకండి. దాటేశాక తాగండి.

వాగు. రెండు వైపులా ఛాతీ ఎత్తు పొదలు. రాయి మీద కాలు పెట్టి దాటబోతున్నారు.

పొద కదిలింది.

ఆగండి. హెడ్‌ల్యాంపు ఎర్ర దీపం వేయండి. పొదల పైన ఒక నల్లటి మూపురం. దాని ముందు పొడవాటి మొహం. ఇది ఎల్క్ కాదు. మూస్. ఆడది. దాని పొట్ట పక్కన ఇంకో చిన్న మొహం. పిల్లతో ఉంది. చెవులు వెనక్కి పడ్డాయి. మూపు మీద వెంట్రుకలు లేచాయి. నాలుకతో మూతి నాకుతోంది. మీదికి రాబోతోందని అర్థం. వెనక్కి. ఒక అడుగు. మాట్లాడకండి. ఇంకో అడుగు. ఎడమ పక్కన లావాటి మాను ఉంది. దాని వెనక్కి. మానుని మధ్యలో ఉంచుకోండి.

అది చూస్తూనే ఉంటుంది. ఎంతసేపు? చాలాసేపు. తర్వాత పిల్లని ముందు నడిపించుకుంటూ నీళ్లలో దిగి వెళ్లిపోతుంది. మీ మోకాళ్లు ఇంకా వణుకుతున్నాయి. వణకనివ్వండి. ఈ కొండల్లోకి అందరూ ఎలుగుబంటికి భయపడుతూ వస్తారు. నన్నడిగితే భయపడాల్సింది దీనికి. 1978లో యూటా, వయోమింగ్‌ల నుంచి మూస్‌లని తెచ్చి ఈ రాష్ట్రంలోని నార్త్ పార్క్‌లో వదిలారు. ఇప్పుడు అవి ఇటువైపు కొండల్లోనూ ఉన్నాయి. వాగు కొంచెం ఎగువన దాటండి.

ఎక్కుడు మొదలైంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ముప్ఫై అడుగులు వేసి ఆగండి, మళ్లీ ముప్ఫై. తొందరపడితే చెమట పడుతుంది. చెమట పడితే పైన చలికి ఒళ్లు గడ్డకడుతుంది, పైగా మీ వాసన రెట్టింపవుతుంది.

పైకి వచ్చేశారు. తూర్పున చీకటి పలచబడుతోంది. కాలి కింద గడ్డి, రాయి, మళ్లీ గడ్డి. చెట్టన్నది లేదు. కిలోమీటర్ల కొద్దీ చదును. కోట్ల ఏళ్ల కింద పొంగి గడ్డకట్టిన లావా ఇది. దీని చుట్టూ నిలువు కొండచరియలే. ఎక్కడపడితే అక్కడ దిగలేరు. యూట్ ప్రజలు ఈ చదును మీద ఎన్నో తరాల పాటు వేటాడారు. 1879లో వైట్ రివర్ దగ్గర ఘర్షణ జరిగాక వాళ్లని ఇక్కణ్ణుంచి వెళ్లగొట్టారు. వాళ్లు ఎక్కి దిగిన బాటల్లో కొన్నిటిని ఇప్పటికీ జనం వాడుతున్నారు.

ఇప్పుడు మొదటి నిర్ణయం. మీ కింద ఉత్తరం వైపు ఒక లోయ ఉంది. పైన పచ్చిక బయలు, మధ్యలో చిక్కటి స్ప్రూస్ అడవి, అడుగున నీళ్లు. దాన్ని చూడటానికి రెండు చోట్లున్నాయి. ఒకటి లోయకి సరిగ్గా పైన, చరియ అంచున. అక్కడ కూర్చుంటే అంతా అరచేతిలో ఉంటుంది. రెండోది పక్కకి పొడుచుకొచ్చిన గట్టు మీద, దాదాపు కిలోమీటరు దూరంలో. అక్కణ్ణుంచి సగం లోయే కనిపిస్తుంది.

దేన్ని ఎంచుకుంటారు? తేల్చుకునే ముందు జేబులో సీసా తీసి నొక్కండి. తెల్లటి పొడి గాల్లో ఒక్క క్షణం నిలిచి, మీ బూట్ల మీదుగా, చరియ అంచు దాటి, కిందికి జారిపోతుంది. రాత్రంతా చల్లబడ్డ గాలి బరువెక్కి ఏటవాలు వెంట దిగుతోంది. అంచున కూర్చుంటే మీరు వాటిని చూసేలోపే మీ వాసన వాటికి చేరుతుంది. ఎండ ఎక్కాక గాలి వేడెక్కి పైకి లేస్తుంది. అప్పుడు అంచే మంచి చోటు. ఇప్పుడు మాత్రం కాదు. దూరపు గట్టుకే వెళ్లండి.

బోర్లా పడుకోండి. మోచేతులు సంచి మీద ఆనించండి, లేకపోతే బైనాక్యులర్ ఊగుతుంది. మొత్తం ఒకేసారి చూడకండి. ఎడమ మూల నుంచి మొదలుపెట్టి ఒక్కో ముక్కా చూసుకుంటూ రండి. రాయి. మోడు. రాయి. ఇంకో రాయి. ఆ రాయి తల ఎత్తింది.

అదిగో. ముందు కనబడేది వెనక భాగంలోని లేత గోధుమరంగు మచ్చ. ఒకటి కనబడగానే కన్ను పట్టేస్తుంది. రెండు, ఐదు, పదిహేను. అడవి అంచున ఆడ ఎల్క్‌లు, పక్కన ఎదుగుతున్న పిల్లలు. లెక్క నలభై దగ్గర తప్పిపోతుంది. పిల్లలు కీచుగా అరుస్తుంటే తల్లులు బదులిస్తున్నాయి. ఆ సన్నటి శబ్దం లోయ దాటి మీ దాకా వస్తోంది. నల్లమలలో మీరు చూసిన కణితిని గుర్తుచేసుకోండి. ఇది దాని కంటే భారీ, కాళ్లు ఇంకా పొడవు, మెడ నిండా ముదురు గోధుమరంగు జూలు.

ఇక్కడ ఒక ప్రశ్న మీ మనసులోకి వచ్చే ఉంటుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత వేట అంటే జైలే. ఇక్కడ ప్రభుత్వమే లైసెన్సు అమ్మి మరీ వేటాడమంటుందేమిటి? ఈ నేల కూడా ఒకప్పుడు ఖాళీ అయింది. తెల్లవాళ్లు రాకముందు ఈ ఖండంలో కోటి ఎల్క్ ఉండేవని అంచనా. 1900 నాటికి లక్ష కూడా మిగల్లేదు. మాంసానికి, తోలుకి, ఊరికే పళ్ల కోసం కూడా చంపారు. కొలరాడో వేట ఆపేసి, 1910ల్లో యెల్లోస్టోన్ వైపు నుంచి ఎల్క్‌లని తెప్పించుకుంది. ఇప్పుడు అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్ ఇక్కడే ఉన్నాయి, దాదాపు మూడు లక్షలు. వాటి కాపుదలకి అయ్యే ఖర్చులో పెద్ద భాగం లైసెన్సు డబ్బే. తుపాకుల మీద 1937 చట్టం కింద, విల్లంబుల మీద 1970ల నుంచి వసూలు చేసే ప్రత్యేక పన్ను కూడా దీనికే వస్తుంది. ఈ పద్ధతి మీకు నచ్చాలని లేదు. కానీ ఆ పచ్చికలో మేస్తున్న మందని అది నిలబెట్టింది.

బైనాక్యులర్ కాస్త పైకి జరపండి. పచ్చిక బయలు నెత్తిన ఐదు మగవి. ఊపిరి బిగబట్టేశారు కదూ. వదలండి, అద్దం మసకబారుతుంది. నాలుగింటి కొమ్ముల మీద ఇంకా మెత్తటి నూగు పొర ఉంది. ఐదోదాని కొమ్ముల నుంచి అదే పొర రక్తంతో తడిసి పేలికలై వేలాడుతోంది. తల వంచి చిన్న మొక్కకేసి రుద్దుతోంది. ఏప్రిల్ నుంచి పెరిగిన కొమ్ములవి, కొన్ని రోజుల్లో రోజుకి రెండున్నర సెంటీమీటర్ల చొప్పున కూడా. ఇప్పుడు లోపల రక్తం ఆగిపోయి ఎముక గట్టిపడింది. ఆ పెద్దదాని కొమ్ములు వీపు సగం దాకా వెనక్కి వాలి ఉన్నాయి.

మీ కళ్లు దాని మీద నుంచి రావడం లేదు. తెలుసు. అయినా తిప్పుకోండి.

ఇవాళ ఈ మగవాటి వెంట పడేవాడు సెప్టెంబరులో ఖాళీ బయలుకి వస్తాడు. కొమ్ముల పొర ఊడిందంటే వాటి స్నేహం కూడా ముగిసినట్టే. పది రోజుల్లో ఐదూ ఐదు దిక్కులకి పోతాయి, కొన్ని మైళ్ల దూరం కూడా పోతాయి. ఎక్కడికి? ఆడవాటి దగ్గరికి. ఎద కాలంలో మంద ఎక్కడుంటే మగది అక్కడికే వస్తుంది. మంద మాత్రం మేత, నీళ్లు, నీడ బాగున్నంతకాలం ఇదే లోయలో ఉంటుంది. అందుకని కొమ్ములు లేనివాటినే చూడండి. ఎప్పుడు మేత ఆపుతున్నాయి, ఏ సందులోంచి అడవిలోకి దూరుతున్నాయి, ముందు ఏది నడుస్తోంది, అవి చూడండి.

ఎండ పచ్చిక మీదికి దిగింది. ఒక ముసలి ఆడది మేత ఆపి, చెవులు తిప్పి, నడక మొదలుపెట్టింది. మిగతావి దాని వెనకే. పిడుగు పడి చీలిన ఒక స్ప్రూస్ పక్కనుంచి ఒక్కొక్కటే చీకట్లోకి దూరి మాయమయ్యాయి. ఎనిమిదిన్నర. ఉత్తరపు వాలు, చిక్కటి నీడ, మధ్యలో కాస్త చదునైన మెట్టు. పగలంతా అక్కడే పడుకుంటాయి. ఫోన్‌లో మ్యాపు తెరిచి ఆ చీలిన చెట్టు మీద గుర్తు పెట్టండి.

ఆ అడవిలోకి వెళ్లి చూడాలనిపిస్తోందా? వద్దు. అది వాటి పడకగది. ఈరోజుకి దాని చుట్టూ తిరిగితే చాలు.

మిగిలిన ఉదయం చదును మీద నడక. అంచున కొత్త పెంట. ఈ కాలంలో పచ్చిమేత తింటాయి కాబట్టి గుళికలుగా కాక మెత్తగా పడుతుంది. తడి బురదలో గిట్టలు, పది సెంటీమీటర్ల పొడవు, దుప్పి గిట్ట కంటే గుండ్రం. వేలు పెట్టి చూడండి, అంచు ఇంకా విరగలేదు. రాత్రివే. చరియలో ఒకచోట గండి ఉంది. రాళ్లు జారే సన్నటి దిగుడు, నేరుగా ఆ అడవిలోకే దిగుతుంది. ఇంకో గుర్తు. ఇంకాస్త ముందుకి. ఇంకాస్త.

పన్నెండు దాటింది. నీడ పడింది.

తల ఎత్తండి. పడమట మేఘం. గంట కింద అది చిన్న తెల్ల ముక్క. ఇప్పుడు అడుగు నల్లబడింది. ఈ కొండల్లో జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం అంటే ఇంతే. నైరుతి నుంచి తేమ వస్తుంది, ఎండ దాన్ని పైకి తోస్తుంది, తిరిగి మన మీద పడుతుంది. తెలిసినవాళ్లు పదకొండుకే దిగిపోతారు.

మెరుపు. లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు... ఇరవై నాలుగు. ఉరుము. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ఎనిమిది కిలోమీటర్ల దూరం. దూరం అనుకోకండి. తర్వాతి పిడుగు మీ నెత్తిన పడటానికి ఆ దూరం అడ్డు కాదు. ఈ చదునంతటిలో అన్నిటికంటే ఎత్తైనది ఏమిటో చూడండి. మీరే.

మూడు దారులు. వచ్చిన బాటనే వెనక్కి వెళ్లొచ్చు. నలభై నిమిషాలు బయట్లో నడవాలి, ఆ తర్వాత కాలిన అడవి. గాలివానకి ఆ చచ్చిన మానులు ఒకటొకటిగా కూలతాయి. లేదా ఇక్కడే ఏదో గుంట చూసుకుని కూర్చోవచ్చు. లేదా గండి. ఐదు నిమిషాల్లో చరియ కిందికి, పది నిమిషాల్లో పచ్చి అడవిలోకి. వాటి పడకగదిలోకి. ఉదయమంతా మీరు కాపాడినదంతా పోతుంది.

మెరుపు. ఒకటి, రెండు... పన్నెండు.

గాలి మారింది. చల్లగా. తడి వాసన.

మెరుపు. ఆరు.

గండి. గండికే. కదలండి.

రాయి జారింది. కూర్చోండి. కూర్చునే జారండి. వడగళ్లు. వీపు మీద, వేళ్ల మీద. చెయ్యి తెగింది. చూడకండి. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఎక్కడో సన్నగా చిటపట. కిందికి. ఇంకా కిందికి. తెల్లటి వెలుగు. అదే క్షణాన శబ్దం. చెవులు మూసుకుపోయాయి. పాదాల కింద మట్టి. చెట్లు. మొదటి చెట్టు దగ్గర ఆగకండి. అది ఒంటరిది. ఇంకా లోపలికి. ఒకే ఎత్తు చెట్లున్న చోటికి. ఇక్కడ. గొంతుకూర్చోండి. తల వంచండి.

ఊపిరి.

ఇంకో ఊపిరి.

బతికారు. వేళ్లు కదిలించి చూసుకోండి. వడగళ్లు కొమ్మల మీద దబదబా పడుతున్నాయి. మెడలోంచి నీళ్లు వీపులోకి కారుతున్నాయి. పళ్లు కొట్టుకుంటున్నాయి. సంచిలో అడుగున ప్లాస్టిక్ కవరులో పొడి ఉన్ని చొక్కా ఉంది. తడిది విప్పేసి అది తొడుక్కోండి. సిగ్గు, బద్ధకం రెండూ వద్దు. ఈ ఎత్తులో వేసవిలో కూడా తడి బట్టలు ప్రాణం తీస్తాయి.

అప్పుడు తగులుతుంది వాసన.

పశువుల కొట్టం వాసన. అచ్చం అదే, చిన్నప్పుడు వానలో కొట్టం గుమ్మం దగ్గర నిలబడితే వచ్చే వాసన. కళ్లు మాత్రమే తిప్పండి. మూడు అడుగుల దూరంలో గడ్డి నలిగి, కోడిగుడ్డు ఆకారంలో ఒక పడక. దాని పక్కన ఇంకోటి. అవతల నల్లటి బురదగుంట. అంచున గిట్టల గుర్తుల్లోకి నీళ్లు ఇంకా ఊరుతున్నాయి. ఎద కాలంలో మగది ఇందులో మూత్రం పోసి, పొర్లి, ఒంటికి ఆ బురద పులుముకుని ఆడవాటికి తన రాక చాటుతుంది. గుంట పక్కన చిన్న చెట్టు బెరడు ఒలిచి ఉంది. జిగురు ఇంకా కారుతోంది. మీరు వాటి మధ్యలో కూర్చున్నారు.

కదలాలా? కదలకూడదా?

కదలకండి. సీసా తీయండి. వేళ్లు వంగడం లేదు. రెండు చేతులతో నొక్కండి. పొడి ఒక్కసారిగా వాలు వెంట కిందికి పోయింది. తుఫాను తోస్తున్న చల్లగాలి. మీ వాసన మోసుకుని మెట్టు మీదికి పోతోంది.

ఒక మొరుగు. కుక్కది కాదు. బొంగురుగా, ఒక్కటే. ముసలి ఆడది. రెండు మానుల మధ్య దాని మొహం. కళ్లు మీ మీదే. పాతిక మీటర్లు.

మళ్లీ మొరుగు.

అడవి లేచింది. కొమ్మలు విరుగుతున్నాయి. నేల అదురుతోంది. ఎడమన, కుడిన, వెనక. గోధుమరంగు ఒళ్లు. పిల్ల ఒకటి మీ ముందు నుంచే దూకింది. అంతలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

పోయాయి. చచ్చీ చెడీ ఎక్కింది ఇందుకా అని తిట్టుకుంటున్నారు. తిట్టుకోండి, కానీ చెవి అటే పెట్టండి. చప్పుడు ఎటు పోయింది? కింద నీళ్ల వైపు కాదు. పైన బయలుకీ కాదు. పక్కకి, ఏటవాలుగా, తూర్పు గట్టు వైపు. కొమ్మ విరిగిన చివరి శబ్దం అక్కణ్ణుంచే వచ్చింది.

చివరి ఉరుము విన్నాక అరగంట ఆగండి. ఆగలేకపోయినా ఆగండి. తర్వాత అటే నడవండి. జాడ వెతకక్కర్లేదు, నలభై జంతువులు బురద చిమ్ముకుంటూ పోయిన దారి అది. కానీ దాని కింద ఇంకో దారి ఉంది చూడండి. వేళ్లు తేలి, రాళ్లు అరిగి, మోకాలి లోతున దిగిపోయిన పాత దారి. ఇవాళ పుట్టింది కాదు. తరాలుగా భయం వేసినప్పుడల్లా ఇవి పోతున్న దారి. అది రెండు గట్ల మధ్య ఉన్న పల్లపు కనుమలోకి ఎక్కి, అవతలి లోయలోకి దిగుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. సెప్టెంబరు 2న సరస్సు దగ్గర కారు ఆపేది మీరొక్కరే కాదు. వాళ్లు తెల్లవారకముందే కింద నుంచి ఈ లోయలోకి వస్తారు. గాలి కిందికి దిగుతున్నంతసేపూ వాళ్లకి ఇబ్బంది లేదు. తొమ్మిదికి, పదికి ఎండ తగులుతుంది. గాలి తిరుగుతుంది. వాళ్ల వాసన పైకి లేచి మెట్టు మీదికి వస్తుంది. ముసలిది మొరుగుతుంది. మంద ఎటు పోతుంది? మీరు నిలబడ్డ చోటికే. మగది దాని వెనకే. మనుషులు ఎక్కువ తిరిగే చోటు నుంచి ఎల్క్ తప్పుకుంటుందని ఆరెగాన్‌లో స్టార్‌కీ అడవిలో ఏళ్ల తరబడి పరిశోధించి చెప్పారు. బండికే కాదు, నడిచే మనిషికీ తప్పుకుంటుంది. పొద్దున గట్టు మీద పడుకుని పదిసార్లు చూసినా ఈ కనుమ మీకు దొరికేది కాదు.

దారికి పైవైపు, ఇరవై ఐదు అడుగులు కొలిస్తే, ఒక గుబురు స్ప్రూస్ ఉంది. దాని ముందు నిలబడి సీసా నొక్కండి. వాన వెలిసి ఎండ వచ్చింది. పొడి మీ భుజం మీదుగా పైకి, దారికి దూరంగా పోతోంది. దారి కింది వైపు అయితే వాసన మంద మొహాన కొడుతుంది. కాబట్టి ఈ చెట్టే. మూడో గుర్తు. కొమ్మలు నరకకండి, ఏమీ ముట్టుకోకండి.

ఇక అసలు లెక్క. మ్యాపు చూడండి. ఈ కనుమ నుంచి కారు దాకా ఆరు కిలోమీటర్లు. సగం ఎక్కుడు దిగుళ్లు, సగం కాలిన అడవి. మగ ఎల్క్‌ని ముక్కలు చేసి, ఎముక తీసేసినా, తొంభై నుంచి నూట పది కిలోల మాంసం ఉంటుంది. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేయడం నేరం. చక్రాలున్న బండి రాదని పొద్దునే చెప్పాను. వీపు మీద ఒక్కో విడతకి ముప్ఫై కిలోలు అనుకుంటే నాలుగు విడతలు. నాలుగుసార్లు బరువుతో దిగాలి, మూడుసార్లు ఖాళీగా ఎక్కాలి. నలభై రెండు కిలోమీటర్లు, దాదాపు మూడు వేల మీటర్ల ఎత్తులో. సెప్టెంబరు మొదట్లో మధ్యాహ్నాలు ఇంకా వెచ్చగా ఉంటాయి. ఎల్క్ తోలు మందం, లోపలి వేడి బయటికి పోదు. తోలు ఒలిచి నీడలో వేలాడదీసినా రెండో రోజుకి ఎముక దగ్గర మాంసం చెడటం మొదలుకావచ్చు. వాసన పట్టి ఎలుగుబంటి వస్తుంది.

విల్లు లాగి పట్టుకుని, ఎదురుగా ఆ కొమ్ములు నిలబడ్డప్పుడు ఎవరూ ఈ లెక్క వేయరు. అందుకే ఇవాళే వేయాలి. నా తీర్పు ఇది. ఒంటరిగా వచ్చేట్టయితే ఈ కనుమలో బాణం వదలకండి, కారుకి దగ్గరగా ఇంకో లోయ వెతుక్కోండి. లేదంటే బరువు మోయగల ఇద్దరు స్నేహితుల్ని ఇప్పుడే ఒప్పించండి, లేదా గుర్రాల మీద మాంసం దించి పెట్టేవాళ్లతో మాట్లాడుకోండి. ఈ చుట్టుపక్కల ఊళ్లలో వాళ్లు ఉంటారు, సీజన్ మొదలయ్యాక మాత్రం ఖాళీ దొరకరు. ఇక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. చీకటి పడకముందే దిగి, సిగ్నల్ అందిన మొదటి చోట కారు ఆపి, ఆ ఫోన్ చేసేయండి.